రిజిస్టర్లో పేరుంది, పద్దులో లేదు

మార్చి నెలాఖర్లో కౌన్సిల్ టాక్స్ కాగితం వచ్చింది. మేం ఉండేది లెస్టర్‌షైర్‌లో ఒక చిన్న ఊరు, పట్టుమని నాలుగొందల ఇళ్ళు ఉండవు. ఆ కాగితంలో కౌంటీకి ఇంత, డిస్ట్రిక్ట్‌కి ఇంత, పోలీసులకి ఇంత, ఫైరింజన్ వాళ్ళకి ఇంత అని వరసగా ఉంటుంది, ఆ వరసలోనే ఒకచోట అన్నిటికన్నా చిన్న అంకె, పక్కన మా ఊరి పేరు, పారిష్ కౌన్సిల్ అని. పారిష్ అంటే చర్చి కదా మనమెందుకు కట్టాలి అని వచ్చిన కొత్తలో మా ఆయన అడిగితే పక్కింటి పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది, అది చర్చి పారిష్ కాదు బాబూ, 1894లో చట్టం చేసి ఊరి పనులన్నీ చర్చి చేతిలోంచి తీసి ఎన్నికైన కౌన్సిల్‌కి ఇచ్చారు, మీరు కట్టేది పార్కులో బెంచీలకీ గడ్డి కోతకీ శ్మశానం గోడకీ అని. సరేలే అనుకున్నాం, మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు.

ఈసారి ఆ కాగితం వచ్చిన వారంలోనే మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక గొడవ మొదలైంది. వర్జీనియాలో రిచ్‌మండ్ పక్కన హెన్రైకోలో ఉండే ఫ్రెండ్ ఒక ఫోటో పెట్టాడు, 1634లో ఏర్పాటు చేసిన ఎనిమిది షైర్లలో మా హెన్రైకో ఒకటి, దాదాపు నాలుగొందల ఏళ్ళ చరిత్ర అని. దాని కింద ఇంకో ఫ్రెండ్ రాశాడు, "ఎవరేమన్నా అను, ఇంగ్లీషోళ్ళు ఎక్కడికెళ్తే అక్కడ ఊరికో పారిష్, జిల్లాకో షైర్ పెట్టి ఒక సిస్టమ్ ఇచ్చి వచ్చారు" అని. పది మంది లైకులు కొట్టారు. నేను నాలుగు లైన్లు టైప్ చేసి చెరిపేశాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగం గురించి మాట్లాడాలంటే నాలుగు లైన్లు చాలవు. తర్వాత రెండు నెలలు ఖాళీ దొరికినప్పుడల్లా ఇదే చదువుతూ కూర్చున్నా. ఇప్పుడు నా అభిప్రాయం ఏంటంటే, పారిష్ అనేది మ్యాపు మీద గీత కాదు. "ఈ మనిషికి దిక్కెవరు" అనే ప్రశ్నకి ఒక ఊరు చెప్పాల్సిన జవాబు అది. ఇంగ్లీషు వాళ్ళు కాలనీలకి పేర్లు తీసుకెళ్ళారు, గీతలు తీసుకెళ్ళారు, పన్ను వేసే అధికారం కూడా తీసుకెళ్ళారు. ఆ జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం తమ జనానికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు.

పొలిమేర రాళ్ళు

షైర్ సంగతి ముందు తేల్చేస్తా, అది తేలిక. షైర్ పై నుంచి దిగిన వ్యవస్థ, రాజుకి పన్నులు రావాలి, సైన్యం రావాలి, న్యాయం జరగాలి, దానికి షైర్‌కి ఒక అధికారి, అతన్నే షైర్ రీవ్ అనేవాళ్ళు, ఆ రెండు ముక్కలూ కలిసిపోయి షెరిఫ్ అయింది. 1086లో రాజుగారు దేశం మొత్తం ఆస్తులు లెక్క రాయించినప్పుడు కూడా షైర్ల వారీగానే రాశారు. మన వాళ్ళకి జిల్లా అంటే ఎలా అర్థమవుతుందో అలాగే అనుకోండి. జనానికి దాని మీద ప్రేమ లేదని కాదు, మా పక్కనున్న రట్లాండ్‌ని 1974లో లెస్టర్‌షైర్‌లో కలిపేస్తే ఇరవై ఏళ్ళకి పైగా పట్టు వదలకుండా 1997లో మళ్ళీ విడిగా తెచ్చుకున్నారు. కానీ ఇంట్లో తిండిగింజలు అయిపోయిన ముసలావిడ వెళ్ళి తలుపు కొట్టేది షైర్‌ని కాదు. పారిష్‌ని.

పారిష్ పొలిమేరలు చాలావరకు పన్నెండో శతాబ్దానికల్లా గట్టిపడిపోయాయి. భక్తి కన్నా దశమ భాగమే దానికి పెద్ద కారణం. ఏ పొలం పంటలో పదో వంతు ఏ చర్చికి పోవాలో తేలాలంటే గీత కదలకూడదు. గీత గట్టిపడ్డాక ప్రభుత్వానికి అది చాలా వాటంగా కనిపించింది, ఏ కొత్త పని వచ్చినా పారిష్ నెత్తిన పెట్టడం మొదలెట్టారు. 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆర్డర్ వేశాడు, ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు రిజిస్టర్లో రాయాలని. 1555లో రోడ్లు బాగుచేసే పని పారిష్‌దే అన్నారు, ఇంటికొకరు ఏడాదికి నాలుగు రోజులు ఉచితంగా పని చేయాలి, తర్వాత దాన్ని ఆరు రోజులు చేశారు. 1601 చట్టంతో అసలు విషయం స్థిరపడింది, పారిష్‌లో ఉన్న పేదల్ని పారిషే చూసుకోవాలి, దానికి పన్ను వేయాలి, వసూలు చేసి పంచడానికి ఓవర్సీర్లని ఏటా నియమించాలి. మనకి ఓవర్సీర్ అంటే కాలవ పనులూ రోడ్డు పనులూ చూసేవాడు, ఇక్కడ వాళ్ళు పేదల ఓవర్సీర్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సముద్రం దాటాక దీనికి వేరే అర్థం వస్తుంది.

ఏడాదికోసారి ఊరంతా కలిసి పొలిమేర తిరిగేవాళ్ళు, పిల్లల్ని వెంట తీసుకెళ్ళి ఒక్కో సరిహద్దు రాయి దగ్గర వాళ్ళ తలని ఆ రాయికి తగిలించడమో, బెత్తంతో ఒకటి వేయడమో చేసేవాళ్ళు, ఎందుకంటే దెబ్బ తిన్న చోటు జీవితాంతం గుర్తుంటుంది, యాభై ఏళ్ళ తర్వాత పక్క ఊరితో తగువొస్తే ఆ పిల్లాడే సాక్షి. మొదటిసారి విన్నప్పుడు ఇదేం పద్ధతి అనిపించింది. తర్వాత అర్థమైంది, గీతకి అటు వైపు పుడితే ఒక ఊరి ఖర్చు, ఇటు వైపు పుడితే ఇంకో ఊరి ఖర్చు. అంత డబ్బు ముడిపడి ఉంటే ఎవరైనా రాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

ఆ పాత లెక్కలు ఎంత గట్టివో మేం ఇల్లు కొన్నప్పుడు తెలిసింది. మా లాయరు ఖర్చుల్లో ఛాన్సెల్ సెర్చ్ అని ఒకటి రాశారు. అంటే కొన్ని భూములకి చర్చి లోపలి భాగం రిపేరు చేయించే బాధ్యత వందల ఏళ్ళుగా అంటుకుని ఉంటుంది, ఆ భూమి కొన్నవాళ్ళ మీదకి అది వచ్చి పడుతుంది. ఆస్టన్ కాంట్లో అనే ఊళ్ళో ఒక దంపతులు దీని మీద హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి 2003లో ఓడిపోయారు, రిపేరు కిందే 1,86,000 పౌండ్ల పైచిలుకు వాళ్ళ మీద పడింది. భూమికి అంటుకున్న బాధ్యత ఇక్కడ అంత తేలిగ్గా వదలదు. మరి మనిషికి అంటుకున్న బాధ్యతో?

వెళ్ళగొట్టాలన్నా ఇంకో ఊరి పేరు రాయాలి

ఇక్కడ నా మీద నాకే అనుమానం వచ్చింది. పారిష్‌ని నేను మరీ మంచిగా చూపిస్తున్నానా అని. ఎందుకంటే 1662లో వచ్చిన సెటిల్‌మెంట్ చట్టం, అంటే ఎవరు ఏ పారిష్ మనిషో తేల్చే చట్టం, చదివితే ఒళ్ళు మండుతుంది. ఏడాదికి 10 పౌండ్లకన్నా తక్కువ అద్దె ఇంట్లోకి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, వీళ్ళు రేపు మా మీద పడతారేమో అని అనుమానం వస్తే చాలు, నలభై రోజుల్లోపు ఇద్దరు మేజిస్ట్రేట్ల సంతకంతో వాళ్ళ సొంత పారిష్‌కి తోలేయొచ్చు. పెళ్ళికాని కూలీ ఏడాది పాటు ఒకే యజమాని దగ్గర పని చేస్తే ఆ పారిష్‌లో హక్కు వస్తుందని తర్వాత రూలు పెడితే, రైతులు యాభై ఒక్క వారాలకే కూలీకి పెట్టుకోవడం మొదలెట్టారు, మన దగ్గర కాంట్రాక్టు ఉద్యోగులకి ఏడాది నిండకుండా ఒక రోజు బ్రేక్ ఇస్తారు చూడండి, అచ్చం అదే. ఓవర్సీర్ల పద్దు పుస్తకాల్లో పదే పదే కనిపించే ఖర్చు ఒకటుంది, నిండు గర్భిణికి ఇన్ని షిల్లింగులు, ఊరు దాటి వెళ్ళడానికి అని. బిడ్డ ఇక్కడ పుడితే ఇక్కడి లెక్కలోకి వస్తుంది కాబట్టి, పెళ్ళికాని ఆడమనిషిని నొప్పులు రాకముందే పొలిమేర దాటించేవాళ్ళు. 1697 నుంచి సాయం తీసుకునేవాళ్ళు భుజం మీద ఎర్రదో నీలందో గుడ్డతో పారిష్ పేరు మొదటి అక్షరమూ, పక్కన పేదవాడని చెప్పే అక్షరమూ కుట్టించుకోవాలన్నారు. ఆ చట్టం 1810 దాకా ఉంది.

కాబట్టి అప్పటి ఊళ్ళలో అందరూ ఒకరికొకరు అండగా ఉండేవాళ్ళని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్పే కథ నేను నమ్మను. కానీ ఎన్నిసార్లు చదివినా ఒక విషయం దగ్గర ఆగిపోతున్నా. ఒక మనిషిని వెళ్ళగొట్టాలంటే ఆ తోలివేత కాగితంలో ఇంకో పారిష్ పేరు రాయాలి. ఆ పారిష్ వాళ్ళు మాకొద్దంటే కోర్టుకి వెళ్ళాలి, అలాంటి కేసులు వేలల్లో నడిచాయి, పేదవాడి మీద పెట్టే ఖర్చుకన్నా లాయర్ల ఖర్చు ఎక్కువైన సందర్భాలు ఉన్నాయి. ఇంత గొడవలోనూ "ఇతనెవరి మనిషీ కాదు" అని చెప్పి చేతులు దులుపుకోవడం మాత్రం, ఇంగ్లండ్‌లో పుట్టిన మనిషి విషయంలో, చట్టం దృష్టిలో దాదాపు కుదరదు. ఎక్కడో ఒక ఊరు మోయాలి. ప్రేమతో కాదు, తిట్టుకుంటూ, బ్యాడ్జీ కుట్టి, గింజలు లెక్కపెట్టి. అయినా మోయాలి. 1830ల మొదట్లో ఈ పేదల ఖర్చు ఏడాదికి సుమారు 70 లక్షల పౌండ్లు. అప్పటికి ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున, పన్ను డబ్బుతో, చట్టం ప్రకారం పేదలకి తిండి పెట్టిన దేశం ఇంకోటి నాకు కనబడలేదు. మా ఫ్రెండ్ మాటలో ఉన్న సగం నిజం ఇదే.

అదే 1662లో

హెన్రైకోకి వద్దాం. 1634లో వర్జీనియాని ఎనిమిది షైర్లు చేశారు. అకొమాక్, చార్ల్స్ సిటీ, చార్ల్స్ రివర్, ఎలిజబెత్ సిటీ, హెన్రైకో, జేమ్స్ సిటీ, వారొస్క్వోయాక్, వార్విక్ రివర్. ఇందులో వారొస్క్వోయాక్ అక్కడి మూలవాసుల పేరు, మూడేళ్ళు తిరక్కుండా 1637లో దాన్ని ఐల్ ఆఫ్ వైట్ అని మార్చేశారు. షైర్ అన్న మాట కూడా తొందర్లోనే పోయి కౌంటీ అయింది. మాసచూసెట్స్‌లో 1643లో నాలుగు షైర్లు పెట్టారు, న్యూయార్క్‌ని డచ్చి వాళ్ళ నుంచి లాక్కున్నాక 1665లో లాంగ్ ఐలండ్ వైపు ఏకంగా యార్క్‌షైర్ అనే పెట్టి దానికి మూడు రైడింగులు కూడా చేశారు, రైడింగ్ అంటే మూడో వంతు, వైకింగులు ఇంగ్లండ్‌కి తెచ్చిన మాట అది. 1683లో తీసేసి ఇప్పుడున్న క్వీన్స్, కింగ్స్ లాంటి కౌంటీలు చేశారు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఉన్న మనవాళ్ళు ఒకసారి ఆలోచించండి, మీ ఏరియా ఒకప్పుడు యార్క్‌షైర్.

పేర్ల సంగతి సరదాగానే ఉంటుంది. కింద ఉన్న పారిష్‌లోకి దిగితే సరదా పోతుంది.

ఇంగ్లండ్‌లో లాగే వర్జీనియా పారిష్‌కి కూడా వెస్ట్రీ అనే కమిటీ ఉండేది, పన్నెండు మంది ఊరి పెద్దలు, దాదాపు అందరూ తోటల యజమానులు. జార్జ్ వాషింగ్టన్ కూడా ట్రూరో పారిష్ వెస్ట్రీలో సభ్యుడు. వాళ్ళూ పన్ను వేశారు, అనాథ పిల్లల్ని పనికి కుదిర్చారు, మంచం పట్టిన తెల్ల పేదవాళ్ళకి డబ్బిచ్చారు. పన్ను పొగాకులో కట్టేవాళ్ళు, పాస్టర్ గారి జీతం కూడా ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు. ఆ పన్ను తల లెక్కన. ఎవరి తల? పదహారేళ్ళు దాటిన తెల్ల మగవాళ్ళవి, పదహారేళ్ళు దాటిన బానిసలవి, ఆడా మగా ఇద్దరివీ. ఇంగ్లీషు ఆడవాళ్ళకి ఈ తల పన్ను లేదు, ఆఫ్రికా ఆడవాళ్ళకి 1643 నుంచీ ఉంది, వాళ్ళు పొలంలో పని చేస్తారు కాబట్టి. అంటే చర్చి కట్టడానికీ, పాస్టర్ జీతానికీ, తెల్ల పేదవాడి తిండికీ వేసే లెక్కలో బానిస తల ఉంది, కట్టేది యజమాని అయినా ఆ పొగాకు పండించింది బానిసే. అదే బానిస ముసలైపోయి పడిపోతే పారిష్ మీద అతనికి ఏ హక్కూ లేదు. వసూలు లెక్కలో మనిషి, ఖర్చు లెక్కలో ఆస్తి. ఓవర్సీర్ అంటే ఇక్కడ కొరడా పట్టుకుని తోటలో పని చేయించేవాడు.

1662 గురించి పైన చెప్పాను కదా, ఇంగ్లండ్‌లో సెటిల్‌మెంట్ చట్టం వచ్చిన ఏడాది. అదే ఏడాది వర్జీనియాలో ఇంకో చట్టం చేశారు, పుట్టిన బిడ్డ స్వేచ్ఛా మనిషా బానిసా అన్నది తల్లిని బట్టి ఉంటుందని. ఇంగ్లండ్‌లో బిడ్డ తండ్రిని బట్టి, తండ్రి ఎవరో చెప్పలేనప్పుడు పుట్టిన ఊరిని బట్టి ఏ పారిష్ మనిషో తేలేది. ఒకే ఏడాది, ఒకే రాజు, రెండు చట్టాలూ పుట్టే బిడ్డ ఎవరికి చెందుతుంది అనే ప్రశ్నకే జవాబు. ఒకచోట జవాబు ఒక ఊరు. ఇంకోచోట ఒక యజమాని. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1667లో బాప్తిస్మం తీసుకున్నా బానిసత్వం పోదని రాశారు. 1691లో ఇంకా దారుణం, తెల్లావిడకి నల్లజాతి మగాడి వల్ల బిడ్డ పుడితే ఆవిడ చర్చి వార్డెన్లకి, అంటే పారిష్ డబ్బూ పనులూ చూసేవాళ్ళకి, 15 పౌండ్లు జరిమానా కట్టాలి, కట్టలేకపోతే ఐదేళ్ళు పనికి అమ్మేస్తారు, బిడ్డని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా వార్డెన్లే పనికి కట్టేస్తారు. ఆ డబ్బులో మూడో వంతు పారిష్‌కి. దిక్కు చూడాల్సిన సంస్థకి మనిషిని అమ్మిన డబ్బులో వాటా.

ఇక్కడ హెన్రైకో ఫ్రెండ్ ఫోన్ చేసి ఒక మాట అన్నాడు, అది న్యాయమైన మాటే. బానిసత్వం తప్పు బానిసత్వానిది, దాన్ని పారిష్ మీద ఎందుకు రుద్దుతావు, పారిష్ లేకపోయినా బానిసత్వం ఉండేది కదా అని. నిజమే, ఉండేది. కానీ నేను అనేది అది పారిష్ వల్ల వచ్చిందని కాదు. అదే పేరు, అదే వెస్ట్రీ, అదే చర్చి వార్డెన్, అదే పద్దు పుస్తకం అక్కడికి వెళ్ళి ఇంకో పని చేసిందని. సిస్టమ్ ఇచ్చి వచ్చారు అంటే ఏ సిస్టమ్ ఇచ్చారు అని అడగాలిగా.

షార్లెట్

ఇంతకీ సముద్రం అవతలి మనిషి ఇంగ్లండ్ పారిష్‌లోకే వస్తే ఏమయ్యేది?

మొదట ఒక సంతోషం కలిగించే ఎంట్రీ. 1616 డిసెంబర్ 22న లండన్‌లో సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చ్ అనే పారిష్ రిజిస్టర్లో ఒక భారతీయ కుర్రాడి బాప్తిస్మం ఉంది, బంగాళాఖాతం తీరం నుంచి ఈస్ట్ ఇండియా కంపెనీ పాస్టర్ పాట్రిక్ కోప్లండ్ తీసుకొచ్చిన కుర్రాడు. పీటర్ అనే పేరు ఎంచింది సాక్షాత్తూ రాజు జేమ్స్. ఆ కుర్రాడు లాటిన్ నేర్చుకుని రాసిన ఉత్తరాలు 1622లో అచ్చయ్యాయి. ఆ కోప్లండే కంపెనీ ఓడలో చందాలు పోగుచేసి వర్జీనియాలో చార్ల్స్ సిటీలో ఒక బడి పెట్టించాలని చూశాడు, ఈస్ట్ ఇండియా స్కూల్ అని పేరు, 1622లో అక్కడ జరిగిన దాడులతో అది ఆగిపోయింది. తన అసలు పేరేంటో, అమ్మానాన్నలు ఎవరో రిజిస్టర్లో రాయని ఆ పిల్లాడి గురించి నేను చాలాసేపు ఆలోచించాను. అయినా రిజిస్టర్లో ఉన్నాడు.

షార్లెట్ హౌ కూడా రిజిస్టర్లో ఉంది. ఆఫ్రికా మనిషి, అమెరికాలో బానిసగా కొని 1781లో కెప్టెన్ హౌ అనే ఆయన ఇంగ్లండ్ తీసుకొచ్చాడు, సర్రీలో థేమ్స్ డిట్టన్ అనే పారిష్‌లో వాళ్ళింట్లో పని చేసింది. అక్కడి చర్చిలోనే బాప్తిస్మం తీసుకుంది. కెప్టెన్ చనిపోయాక కొన్నాళ్ళకి ఆ ఇల్లు వదిలేసింది, చేతిలో ఏమీ లేదు, పారిష్ సాయం అడిగింది. మాది కాదు అంటే మాది కాదు అని పారిషులు కొట్టుకుని కేసు కింగ్స్ బెంచ్ కోర్టుకి వెళ్ళింది. 1785లో తీర్పిచ్చింది లార్డ్ మాన్స్‌ఫీల్డ్, 1772లో సోమర్సెట్ కేసులో బానిసని ఇంగ్లండ్ నుంచి బలవంతంగా ఓడెక్కించడానికి వీల్లేదని చెప్పిన జడ్జి ఆయనే. ఆయన చెప్పింది ఏంటంటే, ఏడాది పని చేస్తే హక్కు రావాలంటే కూలికి కుదుర్చుకుని ఉండాలి, ఈవిడని ఎవరూ కూలికి కుదుర్చుకోలేదు, కాబట్టి ఈవిడకి సెటిల్‌మెంట్ లేదు.

అంటే జీతం ఇవ్వకుండా పని చేయించుకున్నారు కాబట్టి జీతగాళ్ళకి వచ్చే హక్కు రాదు. నేను దీన్ని మూడుసార్లు చదివాను. ఆ ఊరి రిజిస్టర్లో ఆవిడ పేరుంది, ఆ ఊరి పద్దులో లేదు.

మరుసటి సంవత్సరం 1786లో లండన్ వీధుల్లో ఆకలితో పడి ఉన్న లస్కర్ల కోసం, అంటే ఓడల్లో పని చేయడానికి వచ్చి ఇక్కడ చిక్కుకుపోయిన మన దేశపు నావికుల కోసం, చందాలు పోగుచేయడం మొదలైంది. తర్వాత ఆ చందాలు పోగుచేసే కమిటీయే నల్లజాతి పేదల కమిటీ అయింది, 1787లో సుమారు 400 మందిని సియెర్రా లియోన్‌కి ఓడెక్కించారు. వాళ్ళకి సెటిల్‌మెంట్ ఉన్న పారిష్ లేదు, ఏ పారిష్‌కి తోలాలో తెలియదు, ఖండం దాటించారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది ఎంతో కాలం బతకలేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1803లో ఈస్ట్‌బోర్న్ అనే ఊరి కేసులో జడ్జి లార్డ్ ఎలెన్‌బరో ఇంకోలా మాట్లాడాడు, పరాయి దేశస్థుడైనా ఆకలితో చావకుండా చూడటం రాసుకున్న చట్టాలన్నిటికన్నా ముందు నుంచీ ఉన్న మానవ ధర్మం అని. పద్దెనిమిదేళ్ళ తేడాలో రెండు మాటలూ అదే కోర్టులోంచి వచ్చాయి. ఇది చదివాక పారిష్‌ని పూర్తిగా తిట్టలేకపోయాను. ఆ జవాబు చెప్పడం వాళ్ళకి చేతకాక కాదు. తెలుసు. చెప్పాలనుకున్నప్పుడు చెప్పారు.

గీతలు మాత్రం

సిడ్నీలో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, వాడి ఇంటి కాగితాల్లో ఫలానా పారిష్, కంబర్లాండ్ కౌంటీ అని ఉంటుంది. అన్నా మీ పారిష్ చర్చి ఏది అని అడిగితే, చర్చేంటే, అది భూమి లెక్క కోసం అన్నాడు. కంబర్లాండ్ కౌంటీ పేరు పెట్టింది గవర్నర్ ఫిలిప్, 1788 జూన్ 4న, రాజుగారి పుట్టినరోజున, ఓడలు దిగి అయిదు నెలలు కూడా కాలేదు, వచ్చినవాళ్ళు వెయ్యి మంది చిల్లర. అక్కడ వేల ఏళ్ళుగా ఉన్న డారగ్, గాడిగల్ జనాన్ని ఎవరూ అడగలేదు. తర్వాత న్యూ సౌత్ వేల్స్ మొత్తం 141 కౌంటీలు, 7 వేలకి పైగా పారిషులు గీశారు, చాలా వాటిలో చర్చి కాదు కదా మనిషి కూడా లేడు. పేదల చట్టం ఆస్ట్రేలియా కాలనీలకి అసలు తేనే లేదు. అక్కడ పేదలకి దిక్కు చందాలతో నడిచే సంఘాలు. 1906లో షైర్లు పెట్టారు, ముఖ్యంగా రోడ్ల కోసం. పారిష్ అనే పండులో గుజ్జంతా తీసేసి తొక్క మీద సర్వే నంబరు రాసినట్టుంది.

కరీబియన్ మాత్రం నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. బార్బడోస్‌లో పదకొండు పారిషులు, జమైకాలో పద్నాలుగు, వాటిని పెట్టింది బానిసల యజమానులే. కానీ ఇప్పుడు అక్కడివాళ్ళు ఆ పేర్లనే తమ ఊరిగా చెప్పుకుంటారు. క్రికెటర్లు వోరెల్, వీక్స్, వాల్కాట్ ముగ్గురూ సెయింట్ మైకేల్ పారిష్‌లో పుట్టినవాళ్ళే, ఉసేన్ బోల్ట్‌ది ట్రెలానీ పారిష్, ఒక గవర్నర్ పేరు మీద ఉన్న పారిష్‌ని ఇప్పుడు ప్రపంచం బోల్ట్ ఊరిగా గుర్తుపెట్టుకుంది. గీత గీసినవాడి ఉద్దేశం అలాగే ఉండిపోదు, జనం దాన్ని తమది చేసుకోగలరు. ఇది నా వాదనకి ఎదురు నిలిచే విషయమే, కాదనను. అయితే దాన్ని తమది చేసుకున్నది జనం. ఇంగ్లీషు వాళ్ళు ఇచ్చింది కాదు.

కరువు వచ్చినప్పుడు

గ్రూపులో నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇది. 1832, 33లో గుంటూరు వైపు డొక్కల కరువు వచ్చింది, అయిదు లక్షల జనాభాలో లక్షన్నర, రెండు లక్షల మంది పోయారని అంచనా. సరిగ్గా అప్పుడే లండన్‌లో పేదల మీద ఏడాదికి 70 లక్షల పౌండ్లు ఖర్చవుతోంది, ఇది తగ్గించడం ఎలా అని కమిషన్ వేసుకుని తర్జనభర్జన పడుతున్నారు. అదే ప్రభుత్వం కింద, అదే ఏడాదిలో, ఒక ఇంగ్లీషు కూలీ ఓవర్సీర్ దగ్గరికి వెళ్ళి ఇది నా పారిష్, నాకు తిండి పెట్టాలి అని గొంతెత్తి అడగగలడు. గుంటూరు రైతు ఎవర్ని అడగాలి? కలెక్టర్ దయ తలిస్తే గంజి, లేకపోతే లేదు.

అప్పుడు మన మీదకి కలెక్టర్లుగా వచ్చే కుర్రాళ్ళు హేలీబరీలో కంపెనీ కాలేజీలో చదివేవాళ్ళు, ఆ కాలేజీలో 1805 నుంచి చనిపోయేదాకా పాఠం చెప్పింది మాల్థస్, పేదలకి చట్టం ప్రకారం సాయం ఇవ్వడమే తప్పని వాదించిన మనిషి. ఇంగ్లండ్‌లో ఆయన మాట పూర్తిగా నెగ్గలేదు, 1834లో వర్క్‌హౌసులు పెట్టి కఠినం చేశారు కానీ హక్కుని తీసేయలేకపోయారు. మన దగ్గర ఆయన మాటకి అడ్డు చెప్పే పారిషే లేదు.

1876లో ధాత కరువు, కర్నూలు, కడప, బళ్ళారి వైపు శవాలు ఎత్తే దిక్కు లేదు. ఆ సమయంలో ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనులకి వచ్చినవాళ్ళకి పెట్టిన కూలి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. దాని తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన రిపోర్టులో ఈ ప్రశ్న సూటిగానే వచ్చింది. కరువులో సాయం అడిగే హక్కు జనానికి ఉందని ఒప్పుకుంటే, రేపు మామూలు రోజుల్లో కూడా ఆ హక్కు ఉందంటారు, అప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్నట్టు పేదల సాయం వ్యవస్థ ఇక్కడ కూడా పెట్టాల్సి వస్తుంది, అది మేం తలుచుకోవడానికే భయపడుతున్నాం అని ఆ రిపోర్టు సారాంశం. మర్చిపోయి వదిలేయలేదు. చేతిలో ఉంది, తెలిసి పక్కన పెట్టారు. జిల్లాలు గీశారు, కలెక్టర్ని పెట్టారు, శిస్తు ప్రతి ఊరి నుంచీ పైసా వదలకుండా లెక్క రాశారు. పద్దులో వసూలు పేజీ వచ్చింది, ఖర్చు పేజీ ఓడ ఎక్కలేదు.

దానికి ఖర్చెక్కువ, ఇండియా పేద దేశం, పారిష్ లెక్కన కుదరదు అంటారని తెలుసు. ఎలిజబెత్ రాణి కాలం నాటి ఇంగ్లండ్ కూడా పేద దేశమే, వరసగా పంటలు పోయిన 1590ల కరువుల తర్వాతే ఆ చట్టం చేసుకున్నారు.

సభలో

మే నెలలో మా ఊరి వార్షిక పారిష్ సభకి వెళ్ళాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. కామన్‌వెల్త్ దేశాల వాళ్ళం కాబట్టి మాకు ఇక్కడ లోకల్ ఎన్నికల్లో ఓటు ఉంది, సభలో మాట్లాడొచ్చు. విలేజ్ హాల్లో పద్నాలుగు మందిమి, ఒక టీ ఫ్లాస్కు, ఒక బిస్కెట్ల డబ్బా. కుక్కల చెత్తడబ్బా, స్కూలు ముందు పార్కింగు అయ్యాక చివర్లో ఇళ్ళ సంగతి వచ్చింది. ఊరి చివర పొలంలో తక్కువ అద్దెకి ఇచ్చే పది ఇళ్ళు కడదామని ప్రతిపాదన, అవి ఈ పారిష్‌తో సంబంధం ఉన్నవాళ్ళకే ఇవ్వాలని షరతు. ఇక్కడ పుట్టినవాళ్ళు, ఇన్నేళ్ళు ఉన్నవాళ్ళు, ఇక్కడ ఉద్యోగం ఉన్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడ ఉన్నవాళ్ళు. పక్కింటి పెద్దావిడ మనవడు లెస్టర్‌లో అద్దె కట్టలేక స్నేహితుడి సోఫాలో పడుకుంటున్నాడు, ఆవిడకి ఆ షరతు ఉండి తీరాలి, నాకు ఆవిడ బాధ అర్థమైంది. వెనక వరసలో కూర్చున్నాయన, రోడ్డు అవతల కేర్ హోమ్‌లో పని చేసే కేరళ అమ్మాయిలు నలుగురు ఒకే గదిలో ఉంటున్నారు, ఇక్కడికి వచ్చి పదినెలలే అయింది, వాళ్ళ సంగతేంటి అని అడిగాడు. ఛైర్మన్ కాగితాలు తిరగేసి, ఇక్కడ కనీసం ఏడాది పని చేసి ఉండాలి అన్నారు.

ఏడాది అనగానే నాకు యాభై ఒక్క వారాలు గుర్తొచ్చాయి. ఆ షరతు పెట్టాలా వద్దా అని చేతులెత్తమన్నారు. పక్కన పెద్దావిడ చెయ్యి పైకి లేచింది, నా వైపు చూసింది. నేను చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడి, ఆ ఏడాది అన్న చోట ఆర్నెల్లు అని రాస్తే ఒప్పుకుంటాను అన్నాను. క్లర్కు నా పేరు స్పెల్లింగ్ అడిగి మినిట్స్‌లో రాసుకుంది.